అండి పోయిన పల్లవి

మా అమ్మ జాకెట్లు కుట్టేది. భీమవరం అవతల ఒక ఊళ్ళో పెద్ద ఇల్లు ఒకటి ఉండేది, చేపల చెరువులూ వరిచేలూ ఉన్న ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్ళకి మా అమ్మ కుట్టిన జాకెట్టే ఒంటికి అతికినట్టు ఉండేదట, ఇంకెవరు కుట్టినా చంక దగ్గర పట్టేసేదట. పండగల ముందు కుట్టినవన్నీ మూటగట్టుకుని అమ్మ, అమ్మ వెనకాల నేను, బస్సు దిగి నడిచి వెళ్ళేవాళ్ళం. వరండా మెట్ల దాకానే మాకు చోటు. నేను మూడో మెట్టు మీద కూర్చుని లోపలి మాటలు వినేదాన్ని. మన్నించి మాట్లాడటం, మన్నించకుండా మాట్లాడటం, ఈ రెండింటికీ తేడా నాకు బళ్ళో చెప్పకముందే అక్కడ తెలిసింది.

ఆ ఇంట్లో అందరూ అందర్నీ అండి అనేవాళ్ళు. మొగుడు పెళ్ళాన్ని మీరనేవాడు. నాయనమ్మ ఐదేళ్ళ మనవడి వెనకాల గ్లాసు పట్టుకుని తిరుగుతూ "పాలు చల్లారిపోతున్నాయి, తాగండి" అని బతిమాలేది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. అమ్మ తొడ మీద గిల్లింది. మా ఇంట్లో పాలు తాగనంటే వీపు విమానం మోత మోగేది.

నువ్వు అనే మాట ఆ ఇంట్లో ముగ్గురికే దక్కేది. పాలేరుకి, అంట్లు తోమే ఆవిడకి, మా అమ్మకి. కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే మాత్రం, ఎవరో ఏమిటో తేలేదాకా అండి అనేవారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, నాన్నగారు ఏం చేస్తారు, ఇవన్నీ మజ్జిగ ఇచ్చి నెమ్మదిగా అడిగేవారు. తేలాక ఆ అండి ఉంచేవారో, తీసేసేవారో. అందరి ఇళ్ళూ అలా ఉంటాయనను. వాళ్ళ చుట్టాలే పక్కవీధిలో మా అమ్మని మీరనేవారు, కుర్చీ కూడా వేసేవారు. నేను చెప్పేది ఈ ఒక్క ఇంటి సంగతి.

ఒకసారి ఆ ఇంటి చిన్నబ్బాయి, అప్పుడతనికి ఎనిమిదేళ్ళుంటాయి, కొత్త సైకిల్ దొర్లించుకుంటూ వరండాలోంచి దిగాడు. అమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. "నువ్వు పక్కకి జరుగు," అన్నాడు. అమ్మ "అలాగేనండి" అని మూటతో సహా జరిగింది. నాయనమ్మ చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ సైకిల్ గోదాట్లో పడిపోవాలని ఆ సంవత్సరమంతా దండం పెట్టుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రాలో ఉన్నాను. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ పాడే ట్రూపు. కీబోర్డు వాయించే మాస్టారే మాకు యజమాని. ఒక మగ గొంతు, ప్యాడ్లు వాయించే అతను, ఆడ గొంతుకి నా స్నేహితురాలు, పేరెందుకు, తను అంటాను, ఇక నేను. నాది కోరస్. నా గొంతు ఎలా ఉండేదంటే, బాలేదని ఎవరూ అనరు, ఇంకోసారి పాడమని కూడా ఎవరూ అనరు. కాకపోతే మాటలు రాయడం వచ్చు. బట్టల షాపు ప్రారంభమైతే దానికో పాట, ఎవరికైనా షష్టిపూర్తి అయితే దానికో పాట, పది నిమిషాల్లో రాసిచ్చేదాన్ని. క్యాసెట్టు అట్ట మీద 'రచన' అని వేసి దాని కింద నా పేరు చూసుకోవాలని ఉండేది. ఉండేది అనడం చిన్నమాట. దానికోసం ఏమైనా చేసేలా ఉండేదాన్ని, చేశాను కూడా.

తనది కాకినాడ. వాళ్ళ నాన్న హార్బరు దగ్గర ఆటో నడిపేవాడు. తను నోరు తెరిస్తే భోజనాల బంతిలో వడ్డించేవాళ్ళు కూడా బకెట్టు పట్టుకుని ఆగిపోయేవారు. ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. నన్ను "ఏమే", "ఒసే" తప్ప పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. నా కంచంలోంచి ఆవకాయ ముక్క తీసుకునేది, నా చున్నీ అడక్కుండా వేసుకునేది. నాకు తనంటే ప్రాణం. తన గొంతు అంటే ఒళ్ళుమంట. రెండూ ఒకేసారి ఉండేవి.

ఆ పెద్దింట్లో పెద్దబ్బాయి పెళ్ళి రిసెప్షన్‌కి మా ట్రూపుని పిలిపించింది నేనే. జాకెట్ల కొలతలు తీస్తూ అమ్మ ఒక మాట చెవిన వేసింది, అంతే. ఆ రోజు తను పాడటం అయ్యాక చిన్నబ్బాయి స్టేజి దగ్గరకొచ్చాడు. సైకిల్ అబ్బాయే, ఇప్పుడు మీసాలొచ్చాయి. "చాలా బాగా పాడారండి. మీది ఏ ఊరండి?" అని అడిగాడు. నన్ను చూసి "మీరు కూడా పాడతారా అండి?" అన్నాడు. ఇంతలో మా అమ్మ సూదీ దారం పట్టుకుని అటుగా వచ్చి నన్ను పలకరించింది. అతను ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఓ, నువ్వు జాకెట్లావిడ కూతురివా," అన్నాడు. ఎంత సులువుగా తీసేశాడో. అదే ఊపిరిలో తన వైపు తిరిగి "మీరు కాఫీ తాగి వెళ్ళండి" అన్నాడు.

ఆ తరవాత అతను రాజమండ్రి రావడం మొదలుపెట్టాడు. రొయ్యల మేత డీలర్లతో పని అనేవాడు. పని అరగంట, మిగతా రోజంతా తన కోసం. గోదారి గట్టు మీద కూర్చునేవారు, వంతెన మీదుగా కొవ్వూరు వెళ్ళొచ్చేవారు. నాలుగు నెలలు మీరు, అండి, వెళ్ళొస్తానండి. తనకి అది చిరాకు. ఈ మీరు ఎప్పుడు వదిలిస్తాడే బాబూ అనేది. కాకినాడలో వాళ్ళ వీధిలో ప్రేమించినవాడు నువ్వనకపోతే అది ప్రేమకింద లెక్కే కాదట.

ఒక రోజు మధ్యాహ్నం గదికి వచ్చింది, చెప్పులు కూడా విప్పకుండా నన్ను వాటేసుకుంది. "ఒసే, ఇవాళ నన్ను నువ్వన్నాడే," అంది. ఒకసారి కాదట, వరసగా అలాగే అన్నాడట. నువ్వు తిను, నువ్వు రా, నువ్వు చెప్పు. నేను కూరగాయలు తరుగుతున్నాను. అంతకు ముందు ఏం మాట్లాడుకున్నారని అడిగాను. ఏముంది, మా నాన్నగారు ఏం చేస్తారని అడిగాడు, హార్బరు దగ్గర ఆటో నడుపుతారని చెప్పాను, అంది. ఇన్నాళ్ళూ అడగలేదా అంటే, ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీలో అనుకున్నాడట, ఎరువుల ఫ్యాక్టరీలో ఆఫీసరు అని ఎవరో చెప్పారట, అంది. నవ్వుతూ చెప్పింది.

నేను వంకాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు అంతా అర్థమైంది. ఆ ఇంటి లెక్కలో తను ఎవరో ఏమిటో తేలిపోయింది. అండి తీసేశారు. నన్ను చేర్చిన గాట్లోనే తననీ కట్టేశాడు. రేపు పెళ్ళి చేసుకోబోయే పిల్లని ఆ ఇంట్లో మగపిల్లలు కలలో కూడా నువ్వనరు. ఈ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. తను అద్దం ముందు నిలబడి, నువ్వు, నువ్వు, అని రకరకాల స్వరాల్లో అనుకుంటోంది. నేను వంకాయలు తరగడం పూర్తి చేశాను.

అప్పుడే మాస్టారు ఆల్బమ్ చేస్తున్నారు. ఆ రోజుల్లో నలుగురు కలిస్తే ప్రైవేటు ఆల్బమ్. ఐదు పాటలు అయిపోయాయి, ఆరోది చిలిపిగా ఉండాలి, కుర్రకారు బస్సుల్లో పాడుకోవాలి అని ఆయన పట్టుబట్టారు. నేను రాసినవన్నీ పక్కన పడేశారు. ఇందులో కొత్తేముంది, ఇవన్నీ విన్నవే కదమ్మా అనేవారు. ఆయన అలా అన్నప్పుడల్లా నాకు అట్ట మీద ఆ పేరు దూరమైపోతున్నట్టు ఉండేది.

ఇంకో సంగతి కూడా అదే నెలలో వచ్చింది. హైదరాబాద్‌లో సినిమా పాటలకు కోరస్ పాడేందుకు అమ్మాయిలు కావాలని, మా పెళ్ళి ప్రోగ్రాం క్యాసెట్టు ఒకదానిలో తన గొంతు విని, ఉగాదిలోపు వచ్చి చేరమని స్టూడియోలో ఒకాయన కబురు పంపాడు. తను పుట్టినప్పటినుంచి ఎదురు చూస్తున్న పిలుపు అది. అతనితో చెబితే, ఎందుకు, వద్దు, అన్నాడట. అంతే అన్నాడట. తను రెండు రోజులు ఆ 'వద్దు' పట్టుకుని తిరిగింది. మూడో రోజు అన్నం ముందు కూర్చుని నన్ను అడిగింది.

"అతని ఉద్దేశమేంటే? చేసుకుంటాడంటే నేను వెళ్ళను. చేసుకోడంటే రేపు రైలెక్కేస్తాను. ఆ ఇల్లు నీకు చిన్నప్పటినుంచి తెలుసు కదా, నువ్వు చెప్పవే."

చెబుదామనే నోరు తెరిచాను. ఒట్టు, చెబుదామనే. ఆ తెరిచిన నోట్లోకి ఈ వరసలు వచ్చి పడ్డాయి.

మీరండీ మీరండీ అని మొన్నొచ్చావు
నువ్వే నువ్వే అని నిన్నన్నావు
మధ్యలో అండి ఏమైందీ
నీ మనసులో ఉన్నదేంటీ

నేను చెప్పాల్సిన నిజం ఆ నాలుగు వరసల్లో మొత్తం ఉంది. చెబితే పాట ఉండదు. పాడే గొంతు కూడా రైలెక్కి వెళ్ళిపోతుంది. ఇదంతా అప్పుడు ఇంత విడమరిచి ఆలోచించానని చెప్పను, కానీ తెలియక చేశానని కూడా చెప్పను. "నన్నడిగితే ఏం లాభం? అతన్నే అడుగు. పాటలో అడుగుదాం," అన్నాను. తను రెండు చేతులూ చప్పట్లు కొట్టింది.

ఆ పాట మేం ముగ్గురం కలిసి కట్టాం. మాస్టారు పల్లవి విని కీబోర్డు మీద వేళ్ళు ఆపి, ఇదీ, ఇది కొత్తగా ఉంది అన్నారు. ఆయన బాణీ ఇస్తుంటే తను అతన్ని అడగాలనుకున్నవన్నీ గబగబా చెప్పేది, నేను వాటిని తాళంలో కూర్చేదాన్ని. సినిమాకి తీసుకెళతాడు గానీ ఇంటికెప్పుడంటే నవ్వుతాడు అంది, రాశాను. వాళ్ళమ్మ ఊసెత్తితే మాట మారుస్తాడు అంది, రాశాను. ఒక వరస మాత్రం తనే సొంతంగా చెప్పింది. వంతెన దాటించావు సరే, గడప ఎప్పుడు దాటిస్తావు. ఆ పాటలో అన్నింటికంటే మంచి వరస అదే. అట్ట మీద రచన కింద తన పేరు కూడా వేయాలా అని మాస్టారు అడిగారు. ఒక్క వరసకేగా అన్నాను.

తను అతన్ని ఎదురుగా ఎప్పుడూ మీరనే పిలిచేది. నువ్వనడానికి నోరు రాదే, సిగ్గు, అనేది. అందుకే ఆ పాటంటే తనకి అంత ఇష్టం. అందులో అతన్ని నువ్వని పిలవచ్చు.

మగ గొంతు ఏం జవాబు చెప్పాలన్నది తేలలేదు. తను వెళ్ళి నేరుగా అతన్నే అడిగింది, పాటలో మీ జవాబు ఏం పెట్టమంటారని. పాటే కదా, నువ్వు ఏదో ఒకటి రాసుకో అన్నాడట. చూశావా, ఎంత నమ్మకమో నా మీద, అని మురిసిపోయింది. సరేనని నేను మగ గొంతుకి ఒకటే మాట రాశాను. 'నా ఉద్దేశమా? చెబుతాలే.' తను ఎన్ని ప్రశ్నలు అడిగినా అదే జవాబు. రికార్డింగ్ గదిలో అది విని అందరూ పడీ పడీ నవ్వారు, తనూ నవ్వింది.

ఆ గది కోటగుమ్మం వైపు ఒక సందులో క్యాసెట్ల కొట్టు వెనక ఉండేది. శబ్దం గోడలకి తగిలి తిరిగి రాకుండా కోడిగుడ్ల అట్టలు మేకులతో కొట్టారు. టేక్ మొదలైతే ఫ్యాను ఆపేయాలి. చెమటకి తన జాకెట్టు వీపు మీద అట్టకట్టింది. ఆఖరి పల్లవికి వచ్చేసరికి తన గొంతు సన్నగా వణికింది, నీ మనసులో ఉన్నదేంటీ అన్నచోట. తను ఆగి, సారీ మాస్టారూ, ఇంకో టేక్ అంది. ఆయన వద్దన్నారు, ఆ వణుకే కావాలన్నారు. అద్దం ఇవతల నేను కోరస్ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు జాలేసిందని రాయాలని ఉంది. వేయలేదు. పాట పండిందని సంతోషించాను.

ఉగాది వచ్చింది, వెళ్ళింది. తను హైదరాబాద్ వెళ్ళలేదు. రెండోసారి కబురొచ్చినప్పుడు ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయని ఫోన్లో చెప్పింది. ఎవరి ఇంట్లోనో చెప్పలేదు. ఆ చోటికి ఇంకెవరో అమ్మాయి వెళ్ళింది.

క్యాసెట్టు మాత్రం ఆడింది. ఊళ్ళో కేబుల్ టీవీలో రోజూ వేసేవారు. రావులపాలెం సెంటర్లో అరటి గెలలు ఎక్కించే లారీల్లో కూడా ఆ పాటే. రచన అని ఉన్నచోట నా పేరు చీమతలకాయంత అక్షరాల్లో వేశారు. నేను ఆ అట్టని దిండు కింద పెట్టుకునేదాన్ని.

వేసవి మొదట్లో అతను మా ట్రూపుని వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలిచాడు. తనకి కాళ్ళు నేల మీద నిలవలేదు. "గడప దాటించమన్నాను కదే, దాటిస్తున్నాడు," అంది. నెమలికంఠం రంగు పట్టుచీర కొనుక్కుంది. జాకెట్టు మా అమ్మ దగ్గరే కుట్టించుకోవాలని పట్టుబట్టింది, ఆ ఇంటి ఆడవాళ్ళందరికీ ఆవిడే కుడుతుందట కదా అని. ఇద్దరం మా ఊరు వెళ్ళాం. అమ్మ కొలతలు తీసింది. తను పెరట్లోకి వెళ్ళగానే అమ్మ మిషను దగ్గర కూర్చుని నన్ను అడిగింది.

"ఆ చిన్నబ్బాయిగారు ఈ పిల్లని ఏమని పిలుస్తారు?"

"నువ్వనే," అన్నాను.

అమ్మ కాలు మిషను తొక్కడం ఆపింది. "మరి చెప్పలేదా నువ్వు?" అంది. నేను కొలతల కాగితం మడతపెట్టాను. "చెప్పవే, పాపం. ఆ గుమ్మంలో నిలబడ్డదాన్ని నేను. నీకు తెలుసు కదా."

చెబుతాలే అన్నాను. అన్నాక నాకే వినబడింది, అది నేను మగ గొంతుకి రాసిన జవాబు.

గృహప్రవేశం రోజు ఎండ పేలిపోతోంది. షామియానా కింద మాకు స్టేజి. మా భోజనాలు వెనక గోడ వైపు వేశారు, వంటవాళ్ళ పక్కన. తను అది కూడా గమనించలేదు. బంతులన్నీ లేచాక పాటలు మొదలుపెట్టాం. ముందు వరసలో నాయనమ్మ, ఆవిడ పక్కన కోడళ్ళు, వెనక చుట్టాలు. అతను వచ్చి, ఆ పాట పాడండి అని మాస్టారుకి చెప్పాడు. మాస్టారుకి అండి ఉంది, ఆయన కులమూ ఊరూ వాళ్ళకి సరిపోయాయి కాబోలు.

తను మైకు తీసుకుని అతన్నే చూస్తూ మొదలుపెట్టింది. మొదటి వరసకి ఆడవాళ్ళు నవ్వుకున్నారు. రెండో వరసకి నవ్వులు ఆగాయి. మధ్యలో అండి ఏమైందీ అనేసరికి నాయనమ్మ వక్కపొడి నోట్లో వేసుకోబోతున్న చెయ్యి కిందికి దించింది. ఒక కోడలు పమిట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళకి అర్థమైంది. వాళ్ళ పిల్లాడు తనకి అండి తీసేశాడని ఒక అమ్మాయి మైకులో ఊరందరికీ చాటుతోంది. ఆ మాటకి ఆ ఇంట్లో ఒకటే అర్థం. పైగా వాళ్ళ పిల్లాణ్ణి నువ్వంటోంది. తను మాత్రం వాళ్ళంతా పాటలో లీనమైపోయారనుకుంది. గొంతు ఇంకా తెరిచింది. నేను వెనక నిలబడి కోరస్ పాడుతున్నాను. ఏంటీ, ఏంటీ, ఏంటీ. నా పని అంతే.

పాట అయ్యాక అతని తల్లి తనని దగ్గరకి పిలిచింది. బాగా పాడావమ్మాయ్, నువ్వు భోంచేశావా, అని ఆకూ వక్కా జాకెట్టు ముక్కా చేతిలో పెట్టింది. తను వంగి కాళ్ళకి దండం పెట్టింది. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, అక్షింతలూ వేయలేదు.

అప్పుడే అతను లోపలినుంచి వచ్చాడు. పక్కన ఒక అమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, ఇంకా కాలేజీ కళే పోలేదు. తను తలెత్తి నవ్వింది. అతను కుర్చీ లాగి ఆ అమ్మాయితో అన్నాడు.

"ఇందాకటినుంచి నిలబడే ఉన్నారు, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా అండి?"

తల్లి చెప్పింది, మా ఇంటికి రాబోయే కోడలుగారు, వైశాఖంలో ముహూర్తం అని. చెప్పకపోయినా సరిపోయేది. తను ఆ అండి వింది. వినడం నేను చూశాను. కాకినాడ పిల్లకి ఆ ఇంటి భాష మొత్తం ఆ ఒక్క అండితో వచ్చేసింది. చేతిలోని జాకెట్టు ముక్క వైపు చూసుకుంది.

అతను తన వైపు తిరిగాడు. ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. నిజంగానే అతనికి తప్పు అనిపించి ఉండదు. "నువ్వు ఆ పాట ఇంకోసారి పాడు. ఈవిడ వినలేదు," అన్నాడు.

మాస్టారు తన ముఖం చూసి, వద్దులే, వేరేది పాడదాం అన్నట్టు తల అడ్డంగా ఊపారు. తను మైకు తీసుకుంది. మళ్ళీ పాడింది. ఒక్క స్వరం తప్పలేదు. గొంతు వణకాల్సిన చోట కూడా వణకలేదు. రెండోసారి అతని వైపు చూడలేదు. మధ్యలో అండి ఏమైందీ అన్నచోట తల తిప్పి నా వైపు చూసింది. చూస్తూనే ఆఖరి దాకా పాడింది. ఆ కొత్తమ్మాయి పాపం చాలా బాగుందండి అంది.

పెరట్లో కుళాయి దగ్గర తను ముఖం కడుక్కుంటుంటే నేను వెళ్ళాను. నీళ్ళు కారుతున్న ముఖంతోనే అడిగింది. "నీకు తెలుసు కదూ?"

"తెలుసు," అన్నాను.

"నేను నిన్ను అడిగాను."

పాట అనబోయాను. పా దగ్గరే ఆగిపోయింది. తను కుళాయి కట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

సామాన్లన్నీ వ్యానులో ఎక్కించాం. నా పక్కన రోజూ తనదే చోటు. స్పీకర్ బాక్సు అడ్డం వచ్చి సీటు సగమే ఉంది, నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని అటు చివర కూర్చుని ఉన్నాను. తను ఎక్కింది. నా వంక చూడకుండా, చాలా మర్యాదగా అంది.

"కొంచెం జరుగుతారా అండి?"

నేను సంచీతో సహా జరిగాను. అలాగేనండి అని నా నోట్లోంచే వచ్చింది. తను కూర్చుంది. రాజమండ్రి దాకా మా ఇద్దరి భుజాలూ రాసుకుంటూనే ఉన్నాయి. డ్రైవరు మా క్యాసెట్టే పెట్టాడు, మాస్టారు తీసేయమన్నారు.

ఆ వారంలోనే తను గది ఖాళీ చేసింది. చున్నీలు ఉతికి మడతపెట్టి నా మంచం మీద పెట్టింది. హైదరాబాద్ ఫోన్ చేసింది గానీ, అక్కడ ఇప్పుడు అవసరం లేదన్నారు. కాకినాడ వెళ్ళిపోయింది. నేను ఇంకో రెండేళ్ళు రాశాను. ఏదీ పండలేదు. ప్రతి పాటకీ మాస్టారు ఆ పాటలాంటిది రాయమ్మా అనేవారు. ఆ పాటలాంటిది రాయాలంటే ఇంకొకరి కొంప ముంచాలని ఆయనకి తెలియదు.

చాలా ఏళ్ళకి రావులపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే తను కనబడింది. ఒళ్ళు చేసింది, చేతిలో అరటిపళ్ళ హస్తం, పక్కన స్కూలు యూనిఫారంలో ఆరేడేళ్ళ కూతురు. ముఖం తిప్పుకుంటుందేమో అనుకున్నాను. తిప్పుకోలేదు.

"బాగున్నారా అండి?" అంది.

బాగున్నానండి అన్నాను. అమ్మగారెలా ఉన్నారండి అని అడిగింది. అమ్మ పోయిందని చెప్పాను. అయ్యో అంది, నిజంగానే అంది. తను పాడటం మానేసిందా అని అడగాలనుకున్నాను, నాకు ఆ హక్కు లేదు. పాప తన చెయ్యి లాగుతూ, ఎవరమ్మా అని గొణిగింది.

"పాటలు రాస్తారు. నువ్వు దండం పెట్టవే, ఒసే," అంది.

పాప దండం పెట్టింది. ఆ ఏమేలూ ఒసేలూ అన్నీ ఇప్పుడు ఆ పిల్లకే. నేను అరటిపళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను.

అమలాపురం బస్సు వచ్చింది. తను పాపని ముందు ఎక్కించి, మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "ఇంకా రాస్తున్నారా అండి?"

"లేదండి. మానేశానండి."

"మంచిదండి," అంది.

మా వైపు వెళ్ళొస్తామని చెప్పడానికి కూడా ఆ మాటే అంటారు. బస్సు కదిలింది. తను సెలవు తీసుకుందో, నేను మానేయడం మంచిదైందని చెప్పిందో నాకు తెలియదు. ఉద్దేశమేంటని అడుగుదామంటే ఇప్పుడు మా మధ్య అండి ఉంది.